పాత పొగ, కొత్త పొట్ట: పడమటి మండలాల్లో క్యాన్సర్ లెక్క

"మా కాలంలో ఈ రోగమే లేదప్పా!" పెద్దతిప్పసముద్రం నుంచి కుప్పం దాకా ఏ ఊరి అరుగు మీద కూర్చున్నా ఈ మాట వినిపిస్తుంది. వెనకాలే కారణాల పట్టిక వస్తుంది. మందులు కొట్టిన టమోటా, పాకెట్టు పాలు, రేషన్ బియ్యం, సెల్ టవర్, ప్లాస్టిక్ కవర్లో కట్టిచ్చే వేడి టీ. ఆఖరికి తీర్పు: సంగటి మానేసినాం, రోగాలు తెచ్చుకున్నాం. పక్క అరుగు మీద దీనికి ఎదురుమాట ఉంటుంది: "ఏ చెడు అలవాటూ లేని మా చిన్నాయనకు రాలేదా? అంతా తలరాత."

రెండు మాటల్లోనూ కొంత నిజముంది, రెంటితోనూ చిక్కుంది. మొదటిది పాతకాలాన్ని కడిగిన ముత్యంలా చూపిస్తుంది. రెండోది చేయగలిగిన పనిని కూడా చేయనివ్వదు. ఒకప్పటి చిత్తూరు జిల్లా పడమటి మండలాల తిండి, పని, అలవాట్లు గత నలభై యాభై ఏళ్లలో ఎలా మారాయో, క్యాన్సర్ గురించి తేలిన విషయాలు ఏమిటో పక్కపక్కన పెట్టి చూస్తే మూడో మాట ఒకటి తేలుతుంది. ఇక్కడ పాత కారణాలు పోకముందే కొత్త కారణాలు వచ్చిపడ్డాయి. పైగా మనం ఎక్కువ భయపడుతున్నవి ఒకటి, ఎక్కువ ప్రాణాలు తీస్తున్నవి ఇంకొకటి.

పెరిగిందా, కనిపిస్తోందా?

మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో 1915లో డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమొట్‌మోలర్ ఆధ్వర్యంలో క్షయ శానిటోరియం నడక మొదలైంది. ఆనాటి జనానికి పెద్ద భయం క్షయ, కలరా, మశూచి. 1951 ప్రాంతంలో మన దేశంలో సగటు ఆయుష్షు 32 ఏళ్లు. ఇప్పుడది 70కి చేరింది. క్యాన్సర్ ఎక్కువగా యాభై దాటాక వచ్చే జబ్బు. జీవకణం విభజన చెందిన ప్రతిసారీ జన్యువుల నకలులో చిన్న తప్పులు దొర్లుతాయి. అవి పోగుపడడానికి ఏళ్లు పడుతుంది. సగటు ఆయుష్షే ముప్పై రెండేళ్లయిన సమాజంలో క్యాన్సర్ అరుదుగా కనిపించడంలో వింత లేదు. పైగా ఆ రోజుల్లో "కడుపులో గడ్డ", "నోట్లో పుండు", "తెల్లబట్ట ఎక్కువై పోయింది" అని చెప్పుకున్న చావుల్లో ఎన్ని క్యాన్సర్లో ఎవరు చూశారు? స్కానింగు లేదు, ముక్క తీసి పరీక్షకు పంపే ఏర్పాటు లేదు.

అందుకే పరిశోధకులు ఉత్త సంఖ్యలను నమ్మరు. జనంలో ముసలివాళ్ల వాటాను సర్దుబాటు చేసి లక్షకు ఎంతమంది అని చూస్తారు. మన దేశంలో ఈ పని కోసం భారత వైద్య పరిశోధన మండలి 1980ల మొదట్లో జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ కార్యక్రమం పెట్టింది. తొలి రిజిస్ట్రీలు బొంబాయి, బెంగుళూరు, మద్రాసుల్లో వచ్చాయి. కుప్పం నుంచి చూస్తే రెండు వైపులా రెండు రిజిస్ట్రీలన్నమాట. మన పడమటి జనం చికిత్సకు పోయేదీ ఎక్కువగా ఆ దిక్కులకే. బెంగుళూరు కిద్వాయికో, వేలూరు సీఎంసీకో, లేకపోతే తిరుపతి స్విమ్స్‌కో. 2022 మే నుంచి తిరుపతిలో టాటా ట్రస్టుల సాయంతో కట్టిన శ్రీ వెంకటేశ్వర క్యాన్సర్ ఆస్పత్రి కూడా ఉంది.

ఆ రిజిస్ట్రీలు చెప్పేదేమిటి? 2020 నివేదిక ఆ ఏడాది దేశంలో సుమారు 13.9 లక్షల కొత్త కేసులుంటాయని, 2025 నాటికి అవి 15.7 లక్షలకు చేరతాయని అంచనా వేసింది. ఈ పెరుగుదలలో పెద్ద వాటా జనాభా పెరగడానిది, వయసు పెరగడానిది. అయితే లోపల చూస్తే అన్ని క్యాన్సర్లూ ఒక దారిన పోవడం లేదు. చెన్నైలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ 1980లతో పోలిస్తే సగానికి పైగా తగ్గింది. అదే చెన్నైలో, బెంగుళూరులో రొమ్ము క్యాన్సర్ ఆడవాళ్లలో మొదటి స్థానానికి ఎక్కింది. హైదరాబాదులో రొమ్ము క్యాన్సర్ రేటు లక్ష మంది ఆడవాళ్లకు 48గా తేలింది. ఆ నివేదికలో దేశంలోకెల్లా అదే ఎక్కువ. మరోపక్క మహారాష్ట్ర కరువు సీమలైన ఉస్మానాబాద్, బీడ్ జిల్లాల్లో మగవాళ్లలో అన్ని క్యాన్సర్లూ కలిపి లక్షకు 39.5 మాత్రమే. ఢిల్లీలో అది 147.

పల్లెకూ నగరానికీ ఉన్న ఈ తేడాలో కొంత పరీక్షలకు అందకపోవడం వల్ల. అంతా మాత్రం అదే కాదు. ఒకే జాతి మనుషులు చోటు మారితే జబ్బు కూడా మారుతుందని వలసల అధ్యయనాలు ఎన్నడో చూపించాయి. జపాను నుంచి హవాయికి, కాలిఫోర్నియాకు వెళ్లినవాళ్లలో ఒకటి రెండు తరాల్లో కడుపు క్యాన్సర్ తగ్గి, పెద్దపేగు, రొమ్ము క్యాన్సర్లు పెరిగాయి. రక్తం అదే, మారింది బతుకు తీరు. పడమటి మండలాల విషయానికొస్తే ఎవరూ సముద్రాలు దాటక్కర్లేదు. తెల్లారి కుప్పంలో రైలెక్కి బెంగుళూరు పనికి పోయి రాత్రికి తిరిగొచ్చేవాళ్లు, పెద్దతిప్పసముద్రం నుంచి బెంగుళూరు కట్టడాల పనులకు పోయి పండక్కి వచ్చేవాళ్లు నగరపు తిండిని, నగరపు కూర్చోవడాన్ని ఊళ్లోకే తెచ్చారు.

సంగటి పలచనైన కథ

కరువు నేల ఇది. చెరువు నిండితే మడి, లేకపోతే మెట్ట. రాగులు, సామలు, కొర్రలు, అలసందలు, అనపలు, కందులు కలిపి వేసుకునేవాళ్లు. తరవాత చెనక్కాయ డబ్బు పంటగా వచ్చి చిరుధాన్యాల చేలను మింగేసింది. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యమిచ్చింది. ఆకలి తీర్చిన పథకమది, దాన్ని తక్కువ చేసి మాట్లాడకూడదు. పండగనాడు తప్ప వరికూడు ఎరగని ఇళ్లకు రోజూ అన్నం అందింది. కాకపోతే అదే ఊపులో రాగి పక్కకు జరిగింది.

ఆ జరగడం సంగటి ముద్దలోనే కనిపిస్తుంది. పాత పద్ధతిలో ఎసట్లో కాసిన్ని నూకలు వేసి, అవి ఉడికాక రాగిపిండి కుప్పగా పోసి, మూతపెట్టి మగ్గనిచ్చి, సంగటి కట్టెతో గట్టిగా గెలికేవాళ్లు. ముద్ద నల్లగా, చేతికి బరువుగా ఉండేది. ఇప్పుడు చాలా ఇళ్లలో, హోటళ్లలో అన్నం మెత్తగా ఉడికించి రంగు కోసమన్నట్టు పిండి కలుపుతున్నారు. పేరు సంగటే, లోపల వరి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికల ప్రకారం వంద గ్రాముల రాగుల్లో పీచు 11 గ్రాములు, పాలిష్ పట్టిన బియ్యంలో 3 గ్రాముల లోపు. పక్కన వేసుకునే ఊరిబిండి, అనపగింజల పులుసు, పితికిపప్పు, ఉలవచారు అన్నీ పప్పుజాతి గింజల సంపదే. వాటి జాగాలోకి బోండా, పరోటా, నూడుల్స్, గోబీ మంచూరియా వచ్చాయి.

ఖర్చుల లెక్కలు కూడా ఇదే చెబుతున్నాయి. దేశంలో పల్లె కుటుంబాలు 1999-2000లో తమ మొత్తం ఖర్చులో 59 శాతం తిండికి పెట్టేవి, మొత్తం ఖర్చులో 22 శాతం ఒక్క ధాన్యాలకే పోయేది. 2022-23 నాటికి తిండి వాటా 46 శాతానికి, ధాన్యాలది 5 శాతానికి దిగాయి. తిండి ఖర్చులో ఇప్పుడు పెద్ద పద్దు పానీయాలు, చిరుతిళ్లు, తయారుచేసి అమ్మే పదార్థాలది. పల్లెల్లోనే అది మొత్తం ఖర్చులో 9.6 శాతం. ఏ ఊరి చిల్లర అంగడికైనా పోయి చూడండి. ముందువరసలో దండల్లా వేలాడేవి ఐదు రూపాయల, పది రూపాయల చిప్స్ పొట్లాలు, వాటి కింద రంగు నీళ్ల సీసాలు. రాగిపిండి కావాలంటే మరకు పోయి పట్టించుకోవాలి. వంటనూనె వాడకం మనిషికి ఏడాదికి 19 కిలోలు దాటింది, పోషకాహార నిపుణులు చాలన్నది 12.

తిండి క్యాన్సర్ తెస్తుందా?

సూటిగా చెప్పాలంటే కొన్ని తెస్తాయి, కొన్ని తెస్తాయన్న అనుమానం ఉంది, చాలావాటికి రుజువు లేదు. 1981లో రిచర్డ్ డాల్, రిచర్డ్ పీటో అనే ఇంగ్లీషు శాస్త్రవేత్తలు అమెరికాలో క్యాన్సర్ చావుల్లో సుమారు 35 శాతం తిండికి సంబంధించినవని అంచనా కట్టారు. ప్రపంచమంతా ఆ సంఖ్యనే చెప్పుకుంది. దాని పక్కనే వాళ్లు రాసిన మాటను చాలామంది వదిలేశారు: అది 10 శాతమైనా కావచ్చు, 70 అయినా కావచ్చు. పొగాకుకు వాళ్లు కట్టిన 30 శాతం మాత్రం గట్టి లెక్క.

తరవాతి నాలుగు దశాబ్దాల్లో గట్టిగా నిలబడినవాటిలో పీచు ఒకటి. ఆఫ్రికాలో పనిచేసిన శస్త్రవైద్యుడు డెనిస్ బర్కిట్ అక్కడి పల్లెజనంలో పెద్దపేగు క్యాన్సర్ అరుదని గమనించి, ముతక తిండే కారణం కావచ్చని 1971లో రాశాడు. ఇవాళ్టి సమీక్షలు రోజుకు 90 గ్రాముల ముడిధాన్యం తినేవాళ్లలో పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 17 శాతం తక్కువని చెబుతున్నాయి. పీచు పేగులో మలాన్ని త్వరగా కదిలిస్తుంది. అక్కడి మంచి బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి పేగు గోడకు మేలుచేసే ఆమ్లాలను తయారుచేస్తుంది. అసలైన రాగిముద్దకు ఉన్న విలువ ఇక్కడ. క్యాన్సర్‌ను కరిగించే మందులా కొర్రలు, అండుకొర్రలు అమ్ముతున్న ప్రచారాలకు మాత్రం ఈ ఆధారం సరిపోదు. జబ్బు వచ్చాక చికిత్స మాని చిరుధాన్యాల కషాయాలు పట్టుకున్నవాళ్లు విలువైన నెలలు పోగొట్టుకుంటారు.

2015 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ శుద్ధిచేసి నిలవపెట్టిన మాంసాన్ని మొదటి తరగతి క్యాన్సర్ కారకాల్లో చేర్చింది. పొగాకు కూడా ఆ తరగతిలోదే. దాంతో "మాంసం సిగరెట్టంత ప్రమాదం" అని వార్తలొచ్చాయి. అది తప్పుగా అర్థం చేసుకోవడం. ఆ తరగతులు రుజువు ఎంత గట్టిదో చెబుతాయి, ముప్పు ఎంత పెద్దదో చెప్పవు. రోజూ 50 గ్రాముల సాసేజీలో, బేకనో తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని ఆ సంస్థ లెక్క. పడమటి మండలాల్లో సాసేజీ తినేదెవరు? ఉప్పుకండలు ఆ కోవకే చేరతాయి కానీ అవి ఏడాదిలో ఏ నాలుగు పూటలో. ఈ హెచ్చరిక న్యూజెర్సీలో, డల్లాస్‌లో కాపురముంటున్న మన పిల్లలకు ఎక్కువ పనికొస్తుంది.

ఫ్యాక్టరీ తిండి సంగతి వేరు. ఫ్రాన్సులో లక్షమందికి పైగా మనుషులను గమనించి 2018లో వెలువడిన అధ్యయనం, అతిగా శుద్ధిచేసిన ఆహారం వాటా 10 శాతం పెరిగినకొద్దీ క్యాన్సర్ ముప్పు 12 శాతం పెరిగినట్టు చూసింది. ఇది గమనింపు మాత్రమే, నేరుగా కారణమని తేల్చిన ప్రయోగం కాదు. ఆ తిండి తినేవాళ్లు కూరగాయలు తక్కువ తింటారు, బరువు పెరుగుతారు. దోషం పదార్థానిదా, దాన్ని తిని మంచి తిండి మానడానిదా అన్నది ఇంకా విడదీస్తున్నారు.

రంగుల గొడవ మన సరిహద్దులోనే జరిగింది. పీచుమిఠాయిలో బట్టల అద్దకానికి వాడే రోడమిన్-బి దొరికిందని 2024 ఫిబ్రవరిలో తమిళనాడు దాన్ని నిషేధించింది. మార్చిలో కర్ణాటక పీచుమిఠాయిలో, గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులు వద్దంది. కుప్పానికి రెండు రాష్ట్రాలూ గడప దూరం. నిషేధం సరైనదే, బట్టల రంగుకు తిండిలో పనిలేదు. అదే బండి దగ్గర రంగు కంటే ఎక్కువ చూడవలసింది బాణలి. పొద్దుటి నుంచి రాత్రి దాకా మరిగి నల్లబడిన నూనెలో చెడు సమ్మేళనాలు 25 శాతం దాటితే వాడకూడదని 2018 జులై నుంచి దేశంలో నిబంధన ఉంది. బాణలిలో చెంచా పెట్టి కొలిచే అధికారి ఏడాదికోసారి వచ్చినా గొప్పే.

పొట్ట, పురుడు, సీసా

తిండి చేసే హానిలో పెద్ద భాగం విషంగా కాదు, బరువుగా వస్తుంది. ఆ సంగతే అరుగు మీద వినిపించదు. 2016లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అధిక బరువుకు 13 రకాల క్యాన్సర్లతో సంబంధం ఉందని తేల్చింది. వాటిలో పెద్దపేగు, గర్భసంచి, కిడ్నీ, పిత్తాశయం, ముట్లుడిగాక వచ్చే రొమ్ము క్యాన్సర్ ఉన్నాయి. కొవ్వు ఊరికే పడి ఉండే సరుకు కాదు. ముట్లుడిగాక ఆడవాళ్లలో ఈస్ట్రోజన్ ఎక్కువగా తయారయ్యేది కొవ్వులోనే. పొట్ట చుట్టూ కొవ్వు చేరితే ఇన్సులిన్ పెరుగుతుంది, ఒళ్లంతా సన్నని మంటలాంటి వాపు నిలిచిపోతుంది. ఇవన్నీ కణాలను విభజన వైపు తోస్తాయి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్లలో నూటికి 36 మంది అధిక బరువుతో ఉన్నారు. పల్లెలు కూడా ఇందులో బాగా వెనకపడలేదు. కారణాలు కంటి ముందున్నవే. వెయ్యి అడుగుల బోరుకు మోటారు మీట నొక్కితే చాలు. కపిల తోలేవాళ్లు లేరు. దుక్కి ట్రాక్టరుది, అంగడికి బండి. బోరు ఎండితే పొలం పనే ఉండదు. వచ్చే కూలీ బెంగుళూరు వాచ్‌మన్ కుర్చీలోదో, గార్మెంట్ ఫ్యాక్టరీ మిషను ముందుదో. ఒంటి కష్టం తగ్గింది, అన్నం పళ్లెం తగ్గలేదు. చక్కెర జబ్బు ఇంటింటికీ వచ్చింది కూడా ఈ దారినే.

రొమ్ము క్యాన్సర్‌కు ఇంకో దారి ఉంది, అక్కడ తప్పుబట్టవలసినవాళ్లు ఎవరూ లేరు. 2002లో ముప్పై దేశాల సమాచారం కలిపి చేసిన విశ్లేషణలో ఒక్కో కాన్పుకూ ముప్పు 7 శాతం, పిల్లలకు పాలిచ్చిన ప్రతి పన్నెండు నెలలకూ మరో 4.3 శాతం తగ్గుతున్నట్టు తేలింది. మన రాష్ట్రంలో ఆడమనిషికి సగటు పిల్లలు 1992-93లో 2.6 ఉంటే 2019-21 నాటికి 1.7. చదువులు పెరిగాయి, పెళ్లి వయసు పెరిగింది, కాన్పు చావులు తగ్గాయి. ఇదంతా మంచికే. ఆ మంచికి వెంట వచ్చిన చిన్న మూల్యం రొమ్ము క్యాన్సర్ కొంచెం పెరగడం. దానికి మందు మళ్లీ ఆరుగురిని కనడం కాదు. బిడ్డకు పాలు తాగించే రోజులు కూలీ పనిలోనూ దొరికేలా చూడడం, ముప్పై దాటాక పరీక్ష చేయించుకోవడం.

ఇక సీసా. మద్యం నోరు, గొంతు, అన్నవాహిక, కాలేయం, పెద్దపేగు, రొమ్ము క్యాన్సర్లకు కారణమని ఎప్పుడో రుజువైంది. ఏ మోతాదూ సురక్షితం కాదని 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చి చెప్పింది. ఒంట్లో మద్యం అసిటాల్డిహైడుగా మారి జన్యుపదార్థాన్ని చెడగొడుతుంది. ఖరీదైన విస్కీ అయినా చీప్ లిక్కర్ అయినా జరిగేది ఇదే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద లేచినప్పుడు వాళ్ల లెక్క సంసారాలది, దెబ్బలది. క్యాన్సర్ లెక్క కలిపి ఉంటే వాళ్ల వాదానికి ఇంకో బలమైన కారణం దొరికేది. 1995లో వచ్చిన మద్యనిషేధం రెండేళ్లకే సడలిపోయింది. అప్పటినుంచి ఖజానా ఆ ఆదాయం మీదే ఆనుకుని ఉంది.

పాత కారణాలు పోలేదు

పెద్దతరాన్ని తప్పుపట్టాలని కాదు గానీ, "మా కాలంలో" అనే మాటలో వక్కాకు సంచి కనబడదు. ఆకు, వక్క, సున్నం, పొగాకు కాడ. కలుపు తీసే ఆడవాళ్ల చెంపలో రోజంతా ఆ ఉండ ఉండేది. కర్ణాటక వైపు పొగాకునే కడ్డిపుడిగా నమిలేవాళ్లు. ఉత్తరాంధ్ర తీరంలో మండే కొసను నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ చుట్ట అంగిలి క్యాన్సర్‌కు ప్రపంచ ఉదాహరణగా వైద్య గ్రంథాలకెక్కింది. పొగాకు లేకుండా వక్క ఒక్కటీ క్యాన్సర్ కారకమేనని 2004లో తేల్చారు. ఈ ఒక్కమాట చాలామందికి చేరలేదు. "పొగాకు లేదు, ఉత్త వక్కపొడే" అని పెళ్లిళ్లలో పిల్లల చేతికి పొట్లాలిస్తున్నాం.

పాత సంచి పోయిన చోటికి మెరిసే పొట్లం వచ్చింది. గుట్కాను మన రాష్ట్రం, కర్ణాటక, తమిళనాడు మూడూ 2013లో నిషేధించాయి. ఆ తరవాత పాన్‌మసాలా ఒక పొట్లంగా, పొగాకు ఇంకో పొట్లంగా విడివిడిగా అమ్మడం మొదలైంది. కొనేవాడు అరచేతిలో కలుపుకుంటాడు. దేశంలో నమోదవుతున్న క్యాన్సర్లలో 27 శాతం పొగాకుతో ముడిపడినవని 2020 నివేదిక చెప్పింది. తిండి గురించి మనం చేసే చర్చ అంతా ఒక తక్కెడలో పెట్టి, పొగాకును రెండో తక్కెడలో పెడితే రెండోదే కిందికి దిగుతుంది.

రెండో పాత కారణం పొయ్యి పొగ. కట్టెల పొగను అంతర్జాతీయ సంస్థ క్యాన్సర్ కారకం కావచ్చునన్న తరగతిలో పెట్టింది. ఇక్కడ ఆధునికత మేలే చేసింది. 1999లో వచ్చిన దీపం, 2016లో వచ్చిన ఉజ్వల పథకాలు ఆడవాళ్ల ఊపిరితిత్తులకు ఊరటనిచ్చాయి. సిలిండరు ధర పెరిగినప్పుడల్లా మళ్లీ కంపకట్టెలు వెతుక్కునే ఇళ్లు ఉన్నాయి కాబట్టి ఈ లెక్క పూర్తిగా ముగియలేదు.

మూడోది మన పంటలోనే ఉంది. చెనక్కాయ ఊరే చివరి వారాల్లో వాన మొహం చాటేసి నేల వేడెక్కితే, ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు కాయలోకి చొరబడి అఫ్లాటాక్సిన్ అనే విషం పుట్టిస్తుంది. కరువు సీమ కాబట్టి మనకు ఈ బెడద ఎక్కువ. తడి ఆరకముందే బస్తాకెత్తితే ఇంకా పెరుగుతుంది. ఇది కాలేయ క్యాన్సర్‌కు రుజువైన కారణం. హెపటైటిస్-బి కూడా ఉన్న మనిషిలో దీని ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది. వేయించినా ఉడికించినా ఆ విషం పెద్దగా పోదు. పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో దీనిమీద ఏళ్ల తరబడి పనిచేశారు. వాళ్లు చెప్పేది మన పెద్దలు చేసినదే: బాగా ఎండబెట్టు, ముడుచుకుపోయిన కాయ, రంగు మారిన గింజ ఏరి పారెయ్యి. పారేసే ఆ గింజలే అగ్గువకు మిల్లుకు, చట్నీకి పోతుంటాయి. ఇప్పుడు గానుగ నూనె మోజు వచ్చింది. రిఫైనరీలో ఈ విషం చాలావరకు వెళ్లిపోతుంది, గానుగలో పోదు. మంచి గింజ ఆడిస్తేనే గానుగ నూనె మంచిది. మిగిలిన చెక్క ఆవుకు పెడితే విషంలో కొంత పాలలోకి వస్తుంది. పుంగనూరు, పలమనేరు, కుప్పం వంటి పాడి సీమకు ఇది పట్టించుకోవలసిన సంగతి.

నాలుగోది గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. దీనికి కారణం తిండి కాదు, హెచ్‌పీవీ అనే వైరస్. ఆ సంగతి కనుగొన్న జర్మన్ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ వచ్చింది. చిన్నతనపు పెళ్లిళ్లు, ఎక్కువ కాన్పులు, వైద్యం అందకపోవడం దీన్ని పెంచాయి. చదువు, పెళ్లి వయసు పెరిగేకొద్దీ తగ్గుతోంది. రొమ్ము క్యాన్సర్‌ను కొద్దిగా పెంచిన మార్పులే దీన్ని చాలా తగ్గించాయని గుర్తుపెట్టుకుంటే ఆధునిక జీవితం మీద తీర్పు అంత తేలిగ్గా ఇవ్వలేం.

భయాల వరస సరిచేద్దాం

మదనపల్లె మార్కెట్టుకు వచ్చే టమోటా మీద మందుల మాటేమిటి? 2015లో మలాథియాన్, డయాజినాన్, గ్లైఫోసేట్‌లను అంతర్జాతీయ సంస్థ క్యాన్సర్ కారకాలు కావచ్చునంది. ఆ రుజువులో ఎక్కువ భాగం మందు కొట్టే రైతులను, కూలీలను చూసి వచ్చినది. తినేవాడికంటే, బకెట్లో చేయిపెట్టి మందు కలిపి, గాలికి ఎదురుగా నడుస్తూ కొట్టి, ఆ చొక్కాతోనే అన్నం తినే మనిషికి ముప్పు ఎక్కువ. మన చర్చ మాత్రం కొనేవాడి కడుపు గురించే సాగుతుంది. టమోటా కడుక్కుని తినండి, తినడం మానకండి. కూరగాయలు మానేస్తే పోయేదే ఎక్కువ.

కార్బైడుతో మాగబెట్టిన మామిడి నిషిద్ధం, నిషేధం అమలు కావాలి. బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎముకలను, పళ్లను పాడుచేస్తుంది, అది క్యాన్సర్ తెస్తుందన్న రుజువు నిలబడలేదు. వేడి సాంబారు ప్లాస్టిక్ కవర్లో కట్టించుకోకపోవడం మంచి అలవాటే. సెల్ టవర్ గురించి ఇన్నేళ్లలో భయపడేటంత ఆధారం రాలేదు. వీటిని పట్టించుకోవద్దని కాదు. అయితే ఖైనీ ఉండ పెదవి కింద పెట్టుకున్న మనిషి సెల్ టవర్ తీయించాలని అర్జీ రాస్తుంటే వరస తలకిందులైందని చెప్పక తప్పదు.

చేయదగిన పని

క్యాన్సర్లలో 30 నుంచి 50 శాతం దాకా నివారించవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మిగతావి వయసు, యాదృచ్ఛికం, కొంత వంశం. అలవాటు లేని చిన్నాయనకు వచ్చింది ఆ రెండో భాగంలోది. దాన్ని చూపించి మొదటి భాగాన్ని వదులుకోకూడదు.

మన మండలాలకు తగిన వరస ఒకటి రాసుకుంటే పొగాకు, వక్క మొదట. బడి దగ్గరి అంగడిలో పొట్లాలు వేలాడకుండా చూడడం పంచాయతీ చేతిలో పని. రెండోది మద్యం. మూడోది పొట్ట. దానికి ఆకాశం నుంచి దిగొచ్చే ఆహారం అక్కర్లేదు, సంగటిలో పిండి పాలు మళ్లీ పెంచి ముద్ద సైజు తగ్గించి, అనపలు, అలసందలు, ఆకుకూరలు పెంచి, నూనె తగ్గిస్తే చాలు. మధ్యాహ్న భోజనంలో రాగిజావ ఇస్తున్న బడుల్లో పిల్లలు తాగుతున్నారు. ఆ అలవాటు ఇంటికి రావాలి. నాలుగోది టీకా. 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా ఒక్క డోసైనా పనిచేస్తుందని 2022 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒప్పుకుంది. పుట్టిన బిడ్డకు హెపటైటిస్-బి టీకా ఎటూ ఉంది.

ఐదోది పరీక్ష. ఇక్కడ మన దేశంలో జరిగిన పనే దారి చూపుతుంది. ముంబయి మురికివాడల్లో లక్షన్నర మంది ఆడవాళ్ల మీద జరిగిన ప్రయోగంలో, పది చదివి శిక్షణ పొందిన కార్యకర్తలు వెనిగర్ పూసి చూసే తేలిక పరీక్షతో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ చావులను 31 శాతం తగ్గించారు. తిరువనంతపురం దగ్గర పొగాకు, మద్యం అలవాటున్న మనుషుల నోళ్లు టార్చిలైటు వేసి చూసినందుకే నోటి క్యాన్సర్ చావులు 34 శాతం తగ్గాయి. పెద్ద యంత్రాలేమీ వాడలేదు. ముప్పై దాటిన అందరికీ నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం చూడాలని కేంద్రం 2016లోనే మార్గదర్శకాలిచ్చింది. అయినా 2019-21 సర్వే నాటికి దేశంలో గర్భాశయ పరీక్ష చేయించుకున్న ఆడవాళ్లు నూటికి ఇద్దరు, రొమ్ము పరీక్ష చేయించుకున్నవాళ్లు ఒక్కరి లోపు. చికిత్సకు 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. జబ్బు ముదిరాక ఆ కార్డు ఖర్చు తగ్గించగలదు, పోయిన ఏడాదిని తిరిగి ఇవ్వలేదు.

నోట్లో మూడు వారాలైనా మానని పుండు, రొమ్ములో నొప్పిలేని గడ్డ, ముట్లుడిగాక కనిపించే రక్తం, కారణం లేకుండా తగ్గే బరువు, మలంలో రక్తం. వీటిలో ఏది కనిపించినా నాటుమందు పొట్లం కట్టించుకోకముందు ఊరి ఏఎన్‌ఎంను కలవాలి. సిగ్గుపడి ఆగిపోయే ఆడవాళ్లకు తోడు పోవడం ఇంట్లో కోడలి పనో, కూతురి పనో మాత్రమే కాదు, ఇంట్లోని మగవాడి పని కూడా. ఊళ్లో పెద్దలు సంగటి గురించి మాట్లాడే గంటలో పది నిమిషాలు ఈ ఐదు గుర్తుల గురించి మాట్లాడితే, తిండి మారి ఫలితం కనిపించడానికి పట్టే ఇరవై ఏళ్లు ఆగకుండా ఈ ఏడాదే కొన్ని ప్రాణాలు నిలబడతాయి.